కంచె మీద ఆనప పూలు

మా గుంటూరు వైపు సొరకాయ అనేదాన్ని ఉత్తరాంధ్రలో ఆనపకాయ అంటారు. ఆ మాట తెలుసుకోవడానికి ఎవరూ రైలెక్కనక్కర్లేదు. కాని ఆ కాయ తియ్యగా ఉంటే ఒక మనిషి పేరు నిలుస్తుందని, చేదెక్కితే పోతుందని తెలియడానికి నేను శ్రీకాకుళం జిల్లా దాకా వెళ్లవలసి వచ్చింది.

నేను విత్తనాలు పరీక్షించే ఉద్యోగంలో ఉన్నాను. గింజలు తూచడం, తాలు వేరు చేయడం, తడి కాగితంలో చుట్టి మొలకలు చూడడం, ఇదే నా పని. విత్తనం నా బల్ల మీదికి ఎప్పుడూ చిన్న సంచిలో, చీటీ కట్టుకుని వచ్చేది. అది ఎలాంటి చేలో పండిందో, ఎవరి చేయి దాన్ని ఏరిందో చూసే అవకాశం లేదు. ఒకసారి ఆ మాటే అంటే, నా పక్క బల్ల మీద పనిచేసే అప్పారావు నవ్వాడు. అతనిది కోటబొమ్మాళి ప్రాంతం. "సెలవు పెట్టి మా పెద్దమ్మ పొలం చూసి రా. ఒక్క కమతంలో వరి నుంచి వంగ దాకా అన్నిటికీ తన విత్తనం తనే చేసుకుంటుంది. చుట్టుపక్కల ఊళ్లకూ తనే ఇస్తుంది" అన్నాడు.

డిసెంబరులో బయలుదేరాను. సంచిలో నేను సర్దుకున్నవి: రెండు జతల బట్టలు, దుప్పటి, భూతద్దం, చిన్న పట్టకారు, పెన్సిళ్లు, పూలకు తొడగడానికి వాడే వెన్నకాగితం సంచుల కట్ట. ఈ చివరిది ఎందుకు తీసుకున్నానో అప్పుడు నాకే తెలియదు. అలవాటు కొద్దీ పెట్టుకున్నాను.

రామతీర్థం

విజయనగరంలో రైలు దిగి నేరుగా రామతీర్థం వెళ్లాను. అది మా అమ్మ ఆజ్ఞ. అంత దూరం వెళ్లి రాముణ్ణి చూడకుండా వస్తే ఇంట్లోకి రానివ్వనంది. దర్శనం చేసుకుని, కొండ మీదికి ఎక్కాను. పైన బౌద్ధుల కాలం నాటి ఇటుక కట్టడాలున్నాయి. ఒక్కొక్క ఇటుక ఇప్పటివాటికి రెండింతలుంది. వాటి సందుల్లో అడవి తులసి మొలిచి, ముదిరి, గింజలు రాలుస్తోంది. గొర్రెలు కాసే ఒకాయన ఆ ఇటుకల మీదే కూర్చుని చద్దిమూట విప్పుకుంటున్నాడు. కిందికి చూస్తే వరి కోసిన మళ్లు, పనలు, మధ్యలో తాడిచెట్లు. మా వైపు చేలు ఎటు చూసినా ఒకే పంట, ఒకే రంగు. ఇక్కడ నేల గళ్ల దుప్పటిలా ఉంది.

దిగేసరికి ఆకలి నకనకలాడుతోంది. గుడి వీధి చివర అప్పలమ్మ అనే ఆవిడ పాక వేసుకుని భోజనం పెడుతుంది. మా ఊరి హోటలు కంటే పావలా తక్కువ. పైగా అడిగినంత అన్నం. నేను వెళ్లేసరికి ఆవిడ పులుసుకు ఆనపకాయ తరుగుతోంది. తొడిమ దగ్గర చిన్న ముక్క కోసి, నోట్లో వేసుకుని నమిలి, అప్పుడు మిగతాది కోసింది. ఇంకో కాయ తీసుకుంది. మళ్లీ అంతే. నేను కన్నార్పకుండా చూస్తున్నాను కాబోలు.

"ఏటి బాబూ అలగ సూస్తన్నావు? పచ్చి ముక్కలు నవుల్తన్నాదేటి ఈ ముసిల్ది అనుకుంటన్నావా?"

"ఎందుకు తింటున్నారా అని చూస్తున్నానండి."

"సేదుంటాదేమోనని. నిరుడు సూసుకోకుండా ఒక్క కాయ ఏసీసినాను. కుండెడు పులుసూ పోనాది. కొండెక్కి దిగొచ్చిన జనం మరి. ఆకులు మడిసీసి ఎల్లిపోనారు."

"ఆ గింజలు ఎక్కడివి?"

"మా కన్నోరిది కోటబొమ్మాళి పక్కన. అక్కడ పైడమ్మని ఒకావిడున్నాది. మా అమ్మా ఆవిడ కాడే తెచ్చీది, నానూ ఆవిడ కాడే. పంచదారలాటి కాయలు కాసీవి. ఇప్పుడు ఆ సెయ్యి సెడిపోనాది బాబూ. ఏటి సేస్తాం, వయసైపోనాది. ఈ కాయలు సంతలో కొన్నవి."

ఆ వైపు వాళ్ల నమ్మకం ప్రకారం విత్తనం మంచితనమంతా దాన్ని ఎత్తి పెట్టిన చేతిలో ఉంటుంది. చేయి మంచిదైతే పదిమందీ వచ్చి అడుగుతారు. చెడిందన్న మాట ఒకసారి పుడితే ఆ గుమ్మం ఎవరూ తొక్కరు. అప్పలమ్మ చెప్పిన పైడమ్మే అప్పారావు పెద్దమ్మ. నేను వెళ్లేది అక్కడికేనని ఆవిడతో అనలేకపోయాను. పులుసు పోయించుకుని తిన్నాను. తియ్యగానే ఉంది.

కోటబొమ్మాళి స్టేషను

మర్నాడు పొద్దున్నే పాసింజరు దిగాను. మంచు ఎంత దట్టంగా ఉందంటే స్టేషను పేరు దగ్గరికి వెళ్లి చదువుకోవలసి వచ్చింది. పైడమ్మ గారి కొడుకు సింహాచలం ఎడ్లబండి కట్టుకుని వచ్చాడు. నా ఈడువాడే, నాకు రెండింతల మనిషి. నా సంచి అందుకుని తేలిగ్గా ఉందని అనుమానంగా చూశాడు.

"ఇదేనేటి సామాను? గవర్నమెంటోలంటే పెట్టెలు తెస్తారనుకున్నాను. అమ్మైతే నిన్నట్నుంచీ ఇల్లలికిస్తన్నాది."

"నేను తనిఖీకి రాలేదండి. చూసి పోదామని వచ్చాను."

"తనికీ అన్న మాట అమ్మతో అనకు. మళ్లీ అలికిస్తాది, పేడ ఆరదు."

దారిలో బండి ఆపి చోడి అంబలి తాగించాడు. చోళ్లంటే మన రాగులే. మా వైపు రాగిజావ జబ్బు చేసినప్పుడు తాగుతాం. ఇక్కడ పనికి పోయేవాడు అది తాగే పోతాడు. పుల్లటి అంబలి, నంజుకోవడానికి ఉల్లిపాయ, కాల్చిన ఎండుచేప. నేను శాకాహారినని చేప వద్దన్నాను. అంబలి పోసే ఆవిడ నన్ను జాలిగా చూసి, ఇంకో ముంత పోసింది. బండి కుదుపులకు ఆ రెండో ముంత ఎంత ఇబ్బంది పెట్టిందో సింహాచలానికి చెప్పలేదు.

పైడమ్మ గారి కమతం

పైడమ్మ గారు సన్నగా, పొడుగ్గా, తల ముగ్గుబుట్టలా ఉన్న మనిషి. "మా అప్పడు బాగున్నాడా? తింటన్నాడా?" అని అడిగింది. అప్పడంటే మా అప్పారావు. కాళ్లు కడుక్కోగానే పొలానికి తీసుకువెళ్లింది. నేను కాగితం, పెన్సిలు తీశాను. రాయవలసినవి ఇన్ని ఉంటాయని అనుకోలేదు.

పల్లంలో వరి కోసేశారు. గట్ల పక్కనున్న నాలుగు బారలూ తిండికి, మడి నడిమధ్యది విత్తనానికి. పక్క చేల కలుపు, పక్క చేల రకం గట్టు దాటి వచ్చినా నడిమికి రావు. మెరకలో గోగు. నారకు కావలసిందంతా కోసి నానవేశారు. ఒక మూల మాత్రం విత్తనం కోసం నిలబెట్టారు. ఎండిన కాయలు గాలికి గలగలమంటున్నాయి. చోడి వెన్నులు ఏరి కట్టలు కట్టి పొయ్యి పైన వేలాడదీశారు. పొగకు పురుగు రాదు. తెల్ల వంగ ఇంటికి తూర్పున, నల్ల వంగ పడమట. రెంటికీ మధ్య ఇల్లు, గడ్డిమేటు, నిలువెత్తు కందిసాలు. ఎందుకలా అని నేను అడగబోయేలోపే ఆవిడ చెప్పింది.

"కలిసినాయంటే పిల్లలు గళ్ల గళ్లగా పుడతాయి. తేనెటీగకి నాది, నీది అని ఉండదు కదా బాబూ."

కేళీలు, అంటే రకానికి చెందని మొక్కలు, పీకడం సింహాచలం పని. పీకినవి గేదెకు వెళతాయి. గేదె పెంట మళ్లీ చేలోకి. ఇంట్లోకి కొని తెచ్చేవి ఉప్పు, కిరసనాయిలు, ఇంకా ఏవో రెండు మూడు. నేను చదువుకున్న పుస్తకాల్లో ఒక్కొక్క పంటా ఒక్కొక్క అధ్యాయం. ఇక్కడ ఏ పంట గురించి రాయబోయినా పక్కదాని పేరు కూడా రాయవలసి వచ్చింది.

విత్తనాలు దాచే గది చూసి ఆశ్చర్యపోయాను. దూలాల నుంచి గోగుతాడు వలల్లో ఎండిన ఆనపబుర్రలు వేలాడుతున్నాయి. గీతగాళ్లు కల్లు పట్టుకునే బుర్రలే. మెడ దగ్గర కోసి, లోపల గింజ, బూడిద నింపి, గుడ్డ కుక్కారు.

"సేదు బుర్ర. పురుగు దీని జోలికి రాదు. మా నేస్తం ఇస్తాది" అంది పైడమ్మ గారు.

అన్ని బుర్రలూ తట్టి చూపించింది. ఒకటి మాత్రం ఖాళీగా మోగింది. అది ఆనప గింజలది.

"నిరుడిచ్చిన గింజలు అందరికీ సేదు కాసినాయి. నాకూ సేదే. ఈ బుర్రలో అడుగున, సేదు రాకముందరి పాత గింజలు గుప్పెడు మిగిలినాయి బాబూ. అయే ఈయేడు ఏసినాను. ఇప్పుడు కూడా సేదొస్తే ఇంక నా సేత్తో విత్తనం ఎవరికీ ఇవ్వను. ఆనపే కాదు, ఏదీ ఇవ్వను."

గొంతు మామూలుగానే ఉంది. బుర్ర మీది దుమ్ము మాత్రం కొంగుతో తుడుస్తూనే ఉంది.

కంచె

మధ్యాహ్నం అరుగు మీద కూర్చున్నాం. పక్క దిబ్బ మీద ఇల్లున్న గౌరమ్మ గారు వచ్చింది. ఈవిడ గుండ్రంగా, పొట్టిగా, నోటి నిండా చుట్టతో ఉంటుంది. వచ్చి కూర్చోగానే గోగుతాడుతో వల అల్లడం మొదలుపెట్టింది. చూపు తాడు మీద లేకపోయినా వేళ్లు ఆగవు.

"మా నేస్తం" అని చెప్పింది పైడమ్మ గారు.

ఈ వైపు నేస్తం కట్టడమని ఆచారం ఉంది. ఇద్దరు మనుషులు, కులాలు వేరైనా సరే, నలుగురి ఎదుట తాంబూలాలు, కొత్త బట్టలు మార్చుకుంటారు. ఆనాటి నుంచి ఒకరినొకరు పేరు పెట్టి పిలవరు, నేస్తం అనే అంటారు. పండగకు అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు పళ్లేలు వెళతాయి. ఒకరి మీద ఒకరు తప్పు పెట్టరు. మా వైపు స్నేహాలకు పెద్దమనుషులుండరు. బహుశా అందుకే తేలిగ్గా తెగుతాయి.

"నువ్వు సదువుకున్నోడివి. ఒక మాట సెప్పు బాబూ" అంది పైడమ్మ గారు. "ఆ గింజలు తీసిన కాయలన్నీ నాను కొరికి సూసినవే. ఒక్కటీ సేదు నేదు. కాయ తీపైతే గింజ సేదెలగైనాది?"

"పొద్దుగూకులూ ఇదే మాట" అంది గౌరమ్మ గారు. "రేత్రి నిద్దర కూడా పోదు. నేస్తం, కాయకి దిష్టి తగిలుంటాది అంటే వినదు."

నాకు జవాబు సగం తెలుసు. మిగతా సగం కోసం లేచి దొడ్లోకి వెళ్లాను. పందిరి మీద పైడమ్మ గారి ఆనప తీగలు. వాటికి పది అడుగుల్లో, రెండు ఇళ్ల మధ్య కంచె మీద ఇంకో ఆనప తీగ. దాని కాయలు వేరు. సన్నని మెడ, కుండలాంటి అడుగు, గట్టి తొక్క. ఒక పిందెను గోటితో గిల్లి నాలుకకు తాకించుకున్నాను. మూడుసార్లు పుక్కిలించినా చేదు పోలేదు.

లెక్క తేలినందుకు సంబరపడుతూ అరుగు మీదికి వచ్చాను.

"కాయ గుజ్జంతా తల్లిది అమ్మా. అందుకే తియ్యగా ఉంది. గింజలో మాత్రం తల్లీ ఉంటుంది, తండ్రీ ఉంటాడు. ఆ తండ్రి గుణం మరుసటి ఏడు ఆ గింజ వేస్తే కాయలో బయటపడుతుంది. ఆ కంచె మీద ఎవరో చేదు బుర్ర తీగ పాకించారు. దాని పుప్పొడి మీ పూలకు అంటుతోంది. దాన్ని మొదలంటా నరికించేయండి, చాలు."

గౌరమ్మ గారి వేళ్లు ఆగాయి. తాడు నెమ్మదిగా ఉండ చుట్టుకుంది.

"పొద్దు పోతన్నాది నేస్తం. ఎల్లొస్తాను" అని లేచి వెళ్లిపోయింది.

ఆవిడ కనుమరుగయ్యాక పైడమ్మ గారు నా వైపు తిరిగింది. కోపం లేదు. "ఆ తీగ నేస్తందే బాబూ. ఇదివరకు ఏటి ఒడ్డున ఏసుకునీది. రెండేళ్ల కిందట వరదొచ్చి ఆ ఒడ్డు తెగిపోనాది. ఈ కంచె మీద పాకించుకో అన్నదాన్ని నానే. కల్లు బుర్రలే ఆ మనిషికి బతుకు."

నేను పెన్సిలు జేబులో పెట్టుకున్నాను.

"కాని అన్నిటినీ ఎడంగా వేసే మీరు దీన్నెందుకు దగ్గరగా రానిచ్చారు?" అన్నాను.

"ఆనప పువ్వు మీద ఈగ వాలగా నానెప్పుడూ సూణ్ణేదు."

"అది పగలు విచ్చుకోదమ్మా. సందెవేళ విచ్చుకుంటుంది. చీకటి పురుగులు వాలతాయి."

పైడమ్మ గారు నవ్వింది. "సందేలకి నాకు సూపుండదు. సిన్నప్పట్నుంచీ రేసీకటి. పొద్దు వాలితే ఈ అరుగు దిగను. ఆ పువ్వు తెల్లారి వాడిపోయి ఉంటే సూడ్డమేగాని, ఇచ్చుకోగా సూణ్ణేదు."

అన్ని పంటల పూలూ తెలిసిన మనిషికి తెలియని పువ్వు అదొక్కటే. తప్పు సరిగ్గా అక్కడే దూరింది.

కొడవలి

తెల్లారి కంచె దగ్గర మాటలు వినిపించి లేచాను. గౌరమ్మ గారు కొడవలి పట్టుకుని తన తీగ మొదట్లో కూర్చుని ఉంది. పైడమ్మ గారు ఇటు నుంచి ఆ కొడవలి పిడి పట్టుకుంది.

"ఏటి సేస్తన్నావు నేస్తం?"

"ఏటీ నేదు. తీగ ముదిరిపోనాది, తీసేస్తన్నాను."

"పిందెలమీదున్న తీగ ముదిరిపోనాదేటి? గీతగాళ్లకి ఏటిస్తావు?"

"కుండలు కట్టుకుంటారు."

"మరి నువ్వేటి తింటావు?"

"నా తీగ, నా ఇష్టం."

"కంచె నాది."

"అందుకే తీసేస్తన్నాను. నీ కంచె మీదుండి నీ పేరు తినీసినాది. ఏడాదిబట్టీ ఊరంతా నీ సెయ్యి అంటంటే, నాను నీ పక్కనే కూకుని దిష్టి, దిష్టి అన్నాను. వొదులు."

"వొదల్ను. కోస్తే నీ తీగ కోసిన కొడవలితోనే నా పందిరీ కోసీ. ఇద్దరికీ సరిపోద్ది."

సింహాచలం పళ్లపుల్ల నములుతూ నా పక్కకు వచ్చాడు. "ఈలిద్దరూ ఇంతే బాబూ. ఒకల్కొకలు ఇచ్చుకోడానికే కొట్టుకుంటారు. మొన్న ఎండాకాలం పనసకాయ కాడా ఇలాగే. ఆఖరికి ఆవు తిన్నాది."

"ఎవరి తీగా కొయ్యక్కర్లేదండి" అన్నాను నేను. నిన్న తొందరపడ్డ నోటితో ఈసారి నిదానంగా చెప్పాను. విత్తనానికి కొన్ని కాయలు చాలు. ఒక్క కాయలో ఒక ఊరికి సరిపడా గింజలుంటాయి. ఆ కాయలయ్యే పూలను మాత్రం పురుగు వాలకుండా మూసి ఉంచాలి. అదే పందిరి మీది పోతుపువ్వు తెచ్చి, మనమే ఆడపువ్వుకు అద్ది, మళ్లీ మూసేయాలి. మిగతా పూలు ఎలా పోయినా కూరకు పనికొస్తాయి. కూరకాయ ఎప్పుడూ తల్లి రుచే.

ఇద్దరూ కొడవలి వదలకుండానే విన్నారు.

"మూయడానికి నా దగ్గర కాగితం సంచులున్నాయి" అని లోపలికి వెళ్లాను. నా సామాను సావట్లో గుంజకు తగిలించి ఉంది. కట్ట మాత్రం లేదు. గుంజ దగ్గర దూడ కళ్లు మూసుకుని నెమ్మదిగా నములుతోంది. మూతి పక్క ఒక తెల్లటి మూల ఇంకా కనిపిస్తోంది.

సింహాచలం దాన్ని లాగి చూశాడు. "పోన్లే బాబూ. మా ఇంట్లో సదువుకున్నది ఇదొక్కటే."

ఆ మాటకు ముందు గౌరమ్మ గారు నవ్వింది. నవ్వుతో పాటు కొడవలి కూడా జారింది. పైడమ్మ గారు దాన్ని తీసి కొడుకు చేతికిచ్చింది. తరువాత చూరు నుంచి గోగునార పీచు లాగి నా ముందు పరిచింది. "సంచే కావాలేటి? పువ్వు మూతి కడితే సాలదా?"

చాలు. కట్టడం తేలికే. ఆ సాయంత్రం విచ్చుకోబోయే మొగ్గ మధ్యాహ్నానికే కొన తెల్లబడి ఉబ్బుతుంది. అడుగున పిందె ఉంటే ఆడది, లేకపోతే పోతు. ఎండ ఉండగానే ఆ కొనలకు పీచు ముడి వేయాలి. అది పైడమ్మ గారు చేసింది. ఏ మొగ్గ ఈ పూటదో నేను చూపించే పని రెండు మొగ్గలతో అయిపోయింది. చిక్కంతా తరువాతిది. ముడి విప్పి పుప్పొడి అద్దవలసింది పువ్వు విచ్చే వేళ, అంటే సందెలో. ఆవిడకు చూపు లేని వేళ.

సందె

పొద్దు వాలింది. పైడమ్మ గారు పందిరి గుంజ పట్టుకుని నిలబడింది. అరుగు మీద ఉండమంటే ఉండలేదు. ముందు నేను ఒక పువ్వుకు చేసి చూపించాను. తరువాత సింహాచలం ప్రయత్నించాడు. నాగలి పట్టే వేళ్లు. మొదటి ఆడపువ్వు కాడతో సహా చేతిలోకి వచ్చింది. రెండోదాని రేకలు నలిగి ముద్దయ్యాయి.

"దూడే నయం" అంది వాళ్లమ్మ, చప్పుడును బట్టి.

మర్నాడు మధ్యాహ్నం నా రైలు. పూలు ఇంకా చాలా సాయంత్రాలు వస్తాయి. నేను ఆ మాట పైకి అనలేదు గాని, అందరూ అదే అనుకుంటున్నారని తెలుస్తోంది.

కంచె అవతల చుట్ట నిప్పు చాలాసేపటి నుంచి ఒకచోటే ఉంది. అది కింద పడి ఆరింది. గౌరమ్మ గారు కంచె సందులోంచి ఇటు వచ్చింది.

"ఇటియ్యి" అంది.

"ముందు చేతులు కడుక్కోవాలండి. మీ తీగ పూలు ముట్టుకుని ఉంటే ఆ పుప్పొడి వేళ్లకుంటుంది."

ఆవిడ మారు మాట్లాడకుండా కుండ దగ్గరికి వెళ్లి, బూడిదతో మోచేతుల దాకా తోముకుంది. గుడ్డతో తుడుచుకుని వచ్చింది. వల అల్లే వేళ్లు కదా, ముడి విప్పుతుంటే రేక కూడా కదల్లేదు. పోతుపువ్వు రేకలు వెనక్కి మడిచి, ఆడపువ్వు లోపల, బిడ్డకు కాటుక పెట్టినట్టు, మెల్లగా మూడువైపులా అద్దింది. మళ్లీ పీచు చుట్టి ముడి వేసింది. తన తీగకు శత్రువు పని తనే చేస్తున్నట్టు లేదు. పురిటింట్లో సాయానికి వచ్చినట్టుంది.

రెండో పువ్వు విప్పినప్పుడు పైడమ్మ గారు అడిగింది.

"ఎలగున్నాది నేస్తం?"

"ఏటి?"

"పువ్వు."

గౌరమ్మ గారు చేయి ఆపి పువ్వును చూసింది. అంతవరకు ఆవిడా దాన్ని సరిగా చూసి ఉండదు.

"తెల్లగున్నాది."

"తెల్లగంటే?"

"ఉతికి పిండిన కొత్త కోకలాగ. ఇంకా దులపనేదు. ముడతలు ముడతలుగా, పల్సగా ఉన్నాది. మనం నేస్తం కట్టిన నాడు నువ్విచ్చినావే, అదిలాగ."

"అది నీకు పొట్టైపోనాది."

"నాకు కాదు, నువ్వే కురస గుడ్డ తెచ్చినావు."

పైడమ్మ గారు గుంజ వదిలి చేయి చాచింది. గౌరమ్మ గారు ఆ వేలు పట్టుకుని రేక అంచుకు ఆనించి, వెంటనే తీసేసింది. "సాలు. నలిగిపోద్ది."

ఆ సాయంత్రం ఎన్ని పూలు కట్టారో నేను రాసుకోలేదు. కాగితం చేతిలోనే ఉంది.

తిరుగు దారి

బయలుదేరేటప్పుడు పైడమ్మ గారు అప్పారావుకని చోడిపిండి, మా అమ్మకని కందులు మూట కట్టి ఇచ్చింది. నేను సిగ్గు విడిచి రెండు ఆనప గింజలు అడిగాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"ఇప్పుడివ్వను. పాత గింజలు అయిపోనాయి. కొత్తవి ముందు నాను నమ్మాల, అప్పుడు నీకు."

బండి మలుపు తిరిగేటప్పుడు వెనక్కి చూశాను. ఎండ బాగా ఉంది. పైడమ్మ గారు పందిరి కింద మొగ్గలకు ముడులు వేస్తోంది. కంచె మీద చేదు తీగ అలాగే ఉంది, పిందెలతో.

మా పెరడు

తొలకరికి ముందు పోస్టులో గోనెగుడ్డ చుట్టి కుట్టిన పార్సెలు వచ్చింది. విప్పితే గోగుతాటి వలలో పిడికిలంత ఆనపబుర్ర. మూతికి గుడ్డ. లోపల బూడిద, బూడిదలో గింజలు. ఉత్తరమేదీ లేదు. నా చదువు ఊరుకోనివ్వక ముందు బుర్ర అంచు నాలుకకు తాకించి చూశాను. ఎండి ఇన్నాళ్లయినా కటిక చేదు.

నూతి గట్టు పక్కన గింజలు పెట్టి పందిరి వేశాను. మూడు తీగలు పాకాయి. దగ్గరలో ఇంకో సొరపాదు లేదని వీధి చివరిదాకా చూసి వచ్చాను. సందెవేళ మా అమ్మను పిలిచి పువ్వు చూపించాను. గౌరమ్మ గారి మాట కూడా చెప్పాను. ఆవిడ చాలాసేపు చూసి, "నిజమే, దులపని చీరలాగే ఉంది" అంది.

శ్రావణంలో తీగకొక కాయ చొప్పున కోశాం. మా అమ్మ కత్తిపీట ముందు కూర్చుంది. రామతీర్థంలో అప్పలమ్మ ఎలా చేసిందో నేను చెప్పే ఉన్నాను. మొదటి కాయ తొడిమ దగ్గర ముక్క కోసి నోట్లో వేసుకుంది. నమిలింది. రెండోది. మూడోది నమిలేటప్పుడు కొంచెం ఆగింది. ఆవిడ మింగి, మూడు కాయలూ ఒక్కచోటే తరిగి, పొయ్యి మీద గిన్నె పెట్టింది.

"ఆ పాక హోటలావిడకి ఈ సంగతి ఎవరైనా చెప్పారో లేదో" అంది పులుసులోకి చింతపండు నానవేస్తూ. "నువ్వొక కార్డు రాసి పడెయ్. పైడమ్మ గారి చెయ్యి బాగానే ఉందని రాయి. ఆ రెండో ఆవిడ చెయ్యి కూడా."